లెంపలతో తీరని ఆలోచన

ఓసీడీ అనగానే తెలుగు ప్రేక్షకుడికి 2017 నాటి ‘మహానుభావుడు’ చిత్రంలోని అతిశుభ్రత కథానాయకుడే గుర్తుకొస్తాడు గానీ, ఆ జబ్బులో సబ్బుతో, నీళ్లతో నిమిత్తం లేని పార్శ్వం ఒకటుంది. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడిలో చేతులు జోడించగానే దేవుడిపై బూతుమాట మెదలడం, ఎల్‌బీనగర్ మెట్రో ప్లాట్‌ఫాంపై పక్క మనిషిని పట్టాల మీదికి తోసేస్తానేమోనని ఒళ్లు జలదరించడం వంటి, పిలవకుండా వచ్చి పొమ్మన్నా పోని ఆలోచనలను వైద్యులు అబ్సెషన్లంటారు. ఆ కలవరం తగ్గడానికి పదేపదే చేసే పనిని, అది మనసులోనే జరిగినా సరే, కంపల్షన్ అంటారు.

ఇలాంటి ఆలోచనలు జబ్బు లేనివారిలోనూ ఎక్కువమందికి వస్తాయని 1978లోనే రాచ్‌మన్, డిసిల్వా అనే పరిశోధకులు చూపారు. మామూలు మనిషి ‘ఛీ, ఇదేమిటి’ అనుకుని తన పనిలో పడతాడు. ఓసీడీ ఉన్న మనిషి దాన్ని తన గుణానికి సాక్ష్యంగా తీసుకుని లెంపలు వేసుకుంటాడు, జపం మళ్లీ మొదటి నుంచి చేస్తాడు, తన స్వభావానికి విరుద్ధం కాబట్టే అది అంతగా భయపెడుతోందన్న సంగతి అతనికి తోచదు. చూసేవారికి ఇదంతా భక్తిగానే కనిపిస్తుంది కనుక ఇంట్లోవారు మెచ్చుకోవడమూ కద్దు.

1966లో లండన్‌లో విక్టర్ మేయర్ ప్రయత్నించిన పద్ధతి నుంచి ఎదిగిన చికిత్స ఆలోచనను తరమమనదు. భయపెట్టే సందర్భానికి నిపుణుల సాయంతో మెట్టుమెట్టుగా ఎదురెళ్లి, కంపల్షన్ ఒక్కటీ చేయకుండా ఆగి, కలవరాన్ని భరించవచ్చునని అనుభవంతో నేర్చుకోమంటుంది. సెరటోనిన్‌పై పనిచేసే మందులూ ఉన్నాయి గానీ వాటి గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది.

ఇందులో కష్టమైన పాత్ర తల్లిది. చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే కుర్రవాడు రోజూ ఫోన్ చేసి “నేను అలాంటివాణ్ని కాదు కదమ్మా” అని అడిగితే, “కాదురా నాన్నా” అనే జవాబు ఆ రాత్రికి ఊరటనిచ్చినా, మర్నాటి ప్రశ్నకు అదే మేత అవుతుంది. ఆ ఊరట కూడా లెంపలలాంటిదే కనుక దాన్ని ఒక్కసారిగా మానేయకుండా, వైద్యుల సలహాతో, కొడుకుకు ముందే చెప్పి, క్రమంగా తగ్గించాలి. అయితే చనిపోవాలన్న కోరిక నిజంగా ఉందని చెప్పేవారి విషయం వేరు. వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యసాయం అందించాలి.

‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్న ఎగతాళి వినీ వినీ చాలామంది అక్కడి ప్రభుత్వ మానసిక ఆస్పత్రి పేరెత్తడానికే జంకుతారు గానీ, ఎల్‌బీనగర్‌లో ఎక్కినవారు రైలు మారకుండానే ఎర్రగడ్డ స్టేషన్‌లో దిగవచ్చు. అంతదూరం వెళ్లలేనివారికి 14416 నంబరుపై టెలీ మానస్ సలహాదారులు రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ర్యాంకుల ఫ్లెక్సీలకు గోడలన్నీ ఇచ్చిన కోచింగ్ సెంటర్లు ఆ అయిదంకెలకు ఒక మూల కేటాయించడం పెద్ద ఖర్చేమీ కాదు.