ఐదు వేల "ఉచితం"

మొన్న మధ్యాహ్నం ఆఫీసు కాంటీన్‌లో నలుగురం కూర్చుని తింటున్నాం. టీవీలో ఏదో స్కాలర్‌షిప్పుల గొడవ వస్తోంది. మా వాడొకడున్నాడు, నా పక్క సీటే, మంచివాడే, కోడ్ రివ్యూలో ఒక్క స్పేస్ ఎక్కువున్నా ఊరుకోడు. పెరుగన్నం కలుపుకుంటూ ఒక మాటన్నాడు. "ఈ ఉచితాలన్నీ తీసి పారేస్తే గానీ ఈ దేశం బాగుపడదు. మన ట్యాక్సు డబ్బులు బాస్ అవి!" మిగతా ఇద్దరూ తలూపారు. అలవాటు కొద్దీ నేనూ ఊపాననుకుంటా. ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకేసింది. ఆ చిరాకులో రాస్తున్నా కాబట్టి అక్కడక్కడా ఘాటుగా ఉంటే సర్దుకోండి.

ముందు నా జాతకం చెప్పేస్తే ఒక పనైపోతుంది. మాది పురానాపూల్. హైదరాబాదులో పదేళ్లుగా ఉంటున్నా మీలో సగం మందికి అదెక్కడుందో తెలీదని నాకు తెలుసు :-) గచ్చిబౌలి, మాదాపూర్, వీకెండ్‌కి మహా అయితే చార్మినార్ బిర్యానీ, అంతే కదా మన భూగోళం. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా మూసీ మీద కట్టించిన వంతెన అది. అంటే చార్మినార్ కంటే ముందుది. పక్కన కొత్త వంతెన వచ్చాక దీనిమీద కూరగాయలమ్ముకోవడం మొదలైంది. అక్కడ తక్కెడ పట్టుకు కూర్చునేవాళ్లలో మా నాన్న ఒకడు.

నాకు 2015 ఎంసెట్లో ఇరవై వేల పైచిలుకు ర్యాంకు. బీసీ కోటాలో ర్యాంకు పది వేల లోపైతే ఫీజు మొత్తం ప్రభుత్వం కడుతుంది, దాటితే 35,000 దాకానే. మా కాలేజీ ఫీజు అంతకి రెట్టింపు పైనే. మిగతాది వంకాయలూ టమాటాలూ కట్టాయి. 2019లో నాకు ఉద్యోగం వచ్చింది. జాయినింగుకి ఒరిజినల్స్ కావాలంటే కాలేజీ ఇవ్వలేదు. "గవర్నమెంటు దగ్గర్నుంచి మీ రీఇంబర్స్‌మెంటు రాలేదు, మీరు కట్టి తీసుకెళ్లండి, వాళ్లిచ్చినప్పుడు మీకిస్తాం" అన్నారు. అమ్మ గొలుసు కుదువకి పోయింది. సర్టిఫికెట్లు వచ్చాయి. వాళ్లు "మీకిస్తాం" అన్న డబ్బు ఇంకా దారిలోనే ఉందనుకుంటా, ట్రాఫిక్ ఎక్కువ కదా.

కాబట్టి అయ్యలారా, మీ ట్యాక్సు డబ్బుతో చదువుకున్నవాడే ఇప్పుడు మీ పక్క సీట్లో కూర్చుని మీకంటే రెండు వేలు ఎక్కువ టీడీఎస్ కడుతున్నాడు. ఈ ఒక్క ముక్కతో ఆపేయొచ్చు. కానీ అసలు విషయం నా గురించి కాదు.

మా గల్లీలో ఒక ఖాలా ఉంది. ఇంట్లో కూర్చుని లక్క గాజులకి రాళ్లంటిస్తుంది. లాడ్‌బజార్లో మీరు ఫోటోలు తీసుకునే గాజులు అవే. 2024లో వాటికి జీఐ గుర్తింపొచ్చిందని పేపర్లో చదివి ఆమెకి చెప్తే, "దానికేమైనా ఇస్తారా బేటా?" అనడిగింది. జవాబు నా దగ్గర లేదు. ఆమె పెద్ద కూతురు గల్లీ చివర్లో ఉన్న చిన్న ఇంగ్లీషు మీడియం బడికి పోయేది. మూడంతస్తుల ఇల్లు, కింద కిరాణా కొట్టు, పైన బడి. అలాంటివి పాతబస్తీలో ఎన్నో. కేంద్రం మైనారిటీ పిల్లలకిచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఆ పిల్లకి వచ్చేది. సచార్ కమిటీ 2006లో రిపోర్టిచ్చాక, 2008లో మొదలైన పథకం అది. ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష దాటకూడదు. నెలకి కాదండోయ్, ఏడాదికి.

ఎంత వచ్చేదో తెలుసా? ఐదో తరగతి దాకా నెలకి వంద, పది నెలలు. అంటే వెయ్యి. ఆరు నుంచి పది దాకా ఇంటి నుంచి బడికెళ్లే పిల్లకి అడ్మిషన్ ఫీజు 500, ట్యూషన్ ఫీజు నెలకి 350 మించకుండా, పైన నెలకి వంద. అన్నీ కలిపి గట్టిగా లాగితే ఏడాదికి ఐదు వేలు. పోయిన నెల మా టీమ్ లంచ్‌లో ఒక్క స్టార్టర్ల బిల్లే అంతకంటే ఎక్కువైంది. మేనేజర్ రీఇంబర్స్‌మెంటు పెట్టుకున్నాడు, మర్నాడే అప్రూవ్ అయింది!

2022లో ఆ పిల్ల ఏడో తరగతి. ఆదాయ సర్టిఫికెట్టు కోసం మీసేవ చుట్టూ తిరగడం, పోర్టల్ మొరాయించడం, ఓటీపీ రాకపోవడం, ఆ తంతు అంతా నా లాప్‌టాప్ మీదే జరిగింది కాబట్టి నాకు బాగా గుర్తు. అంతా అయిపోయింది, బడి వాళ్లు వెరిఫై కూడా చేశారు. నవంబరు చివర్లో కేంద్రం నోటీసొచ్చింది. ఇకనుంచి తొమ్మిది, పది తరగతులకే. ఎనిమిది లోపు వాళ్ల దరఖాస్తులు ముందుకు పంపొద్దు. చదువుల ఏడాది సగం గడిచాక, అప్లికేషన్లు తీసుకున్నాక!

ఇక్కడొక్క నిమిషం ఆగి 2025 సెప్టెంబరు గుర్తు తెచ్చుకోండి. కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లని ట్రంప్ సంతకం పెట్టిన రాత్రి మన గ్రూపుల్లో ఎవరైనా పడుకున్నారా? సెలవుకి ఇంటికొచ్చినవాళ్లు తిరుగు టికెట్ల కోసం కొట్టుకున్నారు. "రాత్రికి రాత్రి రూల్సు మారుస్తారా, మనుషులు ప్లాన్ చేసుకోవద్దా" అని ఎంత ఆవేశపడ్డాం! నేనూ పడ్డా. ఆ రోజు మనలో ఒక్కడు కూడా "వాళ్ల దేశం, వాళ్ల ట్యాక్సు డబ్బు, వాళ్లిష్టం" అనలేదు. ఖాలాకి జరిగింది కూడా అదే. ఆమెకి ట్విట్టర్ లేదు, అంతే తేడా.

సరే, కేంద్రం ఏం కారణం చెప్పిందో కూడా చూద్దాం, ఏకపక్షంగా రాశానని మళ్లీ నన్నే తిడతారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా చదువు ఉచితమే కదా, ఇక స్కాలర్‌షిప్పెందుకు అన్నారు. పైగా మిగతా శాఖలు కూడా తొమ్మిది, పదికే ఇస్తున్నాయి, సమానం చేశాం అన్నారు. వినడానికి బాగుంది. కాకపోతే ఆ చట్టం 2010లో అమల్లోకొచ్చింది. అందులోనే ప్రైవేటు బళ్లలో పాతిక శాతం సీట్లు పేద పిల్లలకివ్వాలని 12(1)(సి) సెక్షనుంది. తెలంగాణ వచ్చాక ఏళ్ల తరబడి దాన్ని ఇక్కడ అమలు చేయలేదు. ఉచితం కాగితం మీదుంది, బడి ఫీజు గల్లీలో ఉంది. ఇక సమానం మాట. అందరికీ ఇచ్చి సమానం చేయొచ్చు, అందరి దగ్గరా తీసేసి కూడా సమానం చేయొచ్చు. రెండోది చవక.

ఇంకో వాదన ఉంది, మా పెరుగన్నం మిత్రుడు గూగుల్ చేసి మరీ నాకు పంపాడు. దొంగ లబ్ధిదారులు! నిజమే. 1,572 విద్యాసంస్థల్ని తనిఖీ చేస్తే 830 బోగస్ అని తేలింది, 144 కోట్లకి పైగా నష్టమని మంత్రిత్వ శాఖే లెక్కగట్టి 2023లో సీబీఐకి అప్పజెప్పింది. ఆ దొంగల్ని జైల్లో వేయాల్సిందే, నాకేం అభ్యంతరం లేదు. కానీ బాస్, ప్రొడక్షన్లో బగ్ దొరికితే బగ్ ఫిక్స్ చేస్తామా, ఆ మాడ్యూలే డిలీట్ చేసి "ఇప్పుడు ఎర్రర్లు రావట్లేదు సార్" అని క్లయింటుకి మెయిల్ పెడతామా? పైగా 2022 నోటీసులో చెప్పిన కారణం విద్యాహక్కు చట్టమే, దొంగతనం కాదు. ఆ డిసెంబరులోనే మైనారిటీ పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా ఆపేస్తున్నట్టు లోక్‌సభలో చెప్పారు. ప్రీ మెట్రిక్ కేటాయింపు 2022-23లో 1,425 కోట్లుండేది, తరవాతి ఏడాదికి 433 కోట్లైంది. ఆ శాఖ మొత్తం బడ్జెట్టే 5,020 కోట్ల నుంచి 3,097 కోట్లకి దిగింది. ఇది బగ్ ఫిక్స్ కాదు, కాస్ట్ కటింగ్.

"అయితే కేంద్రం ఎందుకివ్వాలి, మీ రాష్ట్రం ఇచ్చుకోవచ్చుగా?" ఈ ప్రశ్న నాకు బాగా నచ్చుతుంది. ఎందుకంటే జవాబు మీ దగ్గరే ఉంది. మీ ఫారం 16 తీయండి. ట్యాక్సు లెక్క కట్టాక కింద ఒక లైనుంటుంది, హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ సెస్, నాలుగు శాతం. 2004లో రెండు శాతంతో మొదలై, తరవాత మూడై, 2018 బడ్జెట్లో నాలుగైంది. పేరులోనే చదువుంది. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకి పంచాలని ఫైనాన్స్ కమిషన్ చెప్తుంది కదా, ఆ పంపకంలోకి ఈ సెస్సు రాదు, సర్‌చార్జీ రాదు. రాజ్యాంగం 270వ అధికరణంలోనే వాటికి మినహాయింపుంది. తప్పని నేననట్లేదు, చట్టబద్ధమే. కానీ 2010ల మొదట్లో కేంద్రం మొత్తం పన్ను రాబడిలో పదో వంతు దగ్గరున్న ఈ సెస్సులూ సర్‌చార్జీలూ దశాబ్దం తిరిగేసరికి ఐదో వంతు దాకా పోయాయి. పైకి 41 శాతం అలాగే ఉంటుంది, దేనిలో 41 అన్నదే చిన్నదైపోతుంది. ఇలాంటి ట్రిక్కు మనకి తెలీనిదా? సీటీసీ పెంచి బేసిక్ తగ్గించే హెచ్ఆర్ వాళ్లని ఎంతమందిని చూడలేదు!

ఆ సెస్సు డబ్బులో కొంత పథకాల రూపంలో రాష్ట్రాలకి తిరిగొస్తుంది, షరతులతో. తమిళనాడు పీఎం శ్రీ ఒప్పందం మీద సంతకం పెట్టనందుకు 2024-25లో ఆ రాష్ట్రానికి సమగ్ర శిక్షా కింద రావాల్సిన రెండు వేల కోట్లకి పైగా ఆగిపోయింది. ఇది ఒక్క చదువుకే పరిమితం కూడా కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో కూలి డబ్బంతా కేంద్రానిదే. 2025 డిసెంబరులో దాని స్థానంలో వచ్చిన చట్టం పని రోజుల్ని నూటి నుంచి నూట పాతిక చేసి, ఖర్చులో నలభై శాతం మనలాంటి రాష్ట్రాల మీద పెట్టింది. పెళ్లికి పిలిచింది వాళ్లు, భోజనాల ఖర్చు మీరు చూస్కోండి అన్నట్టు.

కేంద్రాన్ని ఇంత తిట్టాను కదా అని రాష్ట్రం వాళ్లు చంకలు గుద్దుకోనక్కర్లేదు. నా సర్టిఫికెట్లు ఆపింది కేంద్రం బకాయి కాదు. ఫీజు రీఇంబర్స్‌మెంటు రాష్ట్రానిదే. 2014 నుంచి 2023 దాకా ఒక పార్టీ, ఆ తరవాత ఇంకో పార్టీ, బకాయిలు మాత్రం పార్టీ ఫిరాయించకుండా నిలబడ్డాయి. 2025 నవంబరులో ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీలు దీని గురించే బంద్ పెట్టాయి. అప్పుడు ఒకాయనేమో "పాత ప్రభుత్వం పాపం" అన్నాడు, ఇంకొకాయన "మా హయాంలో అంతా బాగుండేది" అన్నాడు. 2019లో ఎవరి హయామో నాకు గుర్తుంది సార్, అమ్మ గొలుసుకి కూడా గుర్తుంది. ఇక పాతబస్తీ పేరు చెప్పుకుని బతికే నాయకులు. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకి ఏడాదికి వెయ్యి నుంచి ఐదు వేలు రాష్ట్రం ఖజానా నుంచే భర్తీ చేయమని ఎవరైనా అసెంబ్లీని స్తంభింపజేసినట్టు నేను వినలేదు. ఢిల్లీని తిట్టడం తేలిక, ఢిల్లీకి వినపడదు కూడా.

మళ్లీ ఖాలా ఇంటికి. ఆ పిల్ల చదువు మానలేదు. దాన్ని ఇంగ్లీషు మీడియం మాన్పించి దూరంగా ఉన్న సర్కారు బళ్లో, ఉర్దూ మీడియంలో వేశారు. చిన్నదాన్ని మాత్రం పాత బళ్లోనే ఉంచారు, ఇద్దరికీ కట్టలేక. ఏ లెక్కలోనూ ఈ పిల్ల డ్రాపౌట్ కాదు. పార్లమెంటులో ఎవరైనా ప్రశ్న వేస్తే ఈమె "చదువుకొనసాగిస్తున్న" వాళ్లలోనే ఉంటుంది. పదో తరగతి దాకా వచ్చింది. సాయంత్రాలు అమ్మ పక్కన కూర్చుని రాళ్లంటిస్తుంది. ఇంగ్లీషులో కంప్యూటర్ గురించి నన్నడిగే ప్రశ్నలు రెండేళ్ల నుంచి తగ్గిపోయాయి. ఇది ఏ బడ్జెట్ పేపర్లో వస్తుందో ఎవరైనా చూపిస్తే చదువుతాను.

చిన్నదాని ఫీజు నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి కడుతున్నాం. గొప్ప కోసం చెప్పట్లేదు, దయచేసి కింద "హ్యాట్సాఫ్" అని రాయకండి, నాకు అది చదివితే ఒళ్లు మండుతుంది. ఇంతకు ముందు ఖాలా బ్యాంకు ఖాతాలో డబ్బు పడేది. ఎవరి గడప ముందూ నిలబడేది కాదు. పడకపోతే బడికెళ్లి హెడ్మాస్టర్ని గట్టిగా అడిగేది కూడా, గల్లీ అంతా వినపడేలా. ఇప్పుడు ప్రతి జూన్లో నా దగ్గరికొస్తుంది. గట్టిగా అడగదు. ఎండల గురించి, మా అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి పావుగంట మాట్లాడి, లేచేటప్పుడు "బేటా, వో ఫీజ్ కా..." అని ఆపేస్తుంది. నాకు ఉద్యోగం పోతే? మా కంపెనీలో పోయిన ఏడాది రెండు రౌండ్లయ్యాయి. అప్పుడు ఆ పిల్ల ఏ సెక్షన్ కింద ఎవర్నడగాలి?

ఈ జూన్లో ఫీజు కట్టిన రసీదు ఇవ్వడానికి వాళ్లింటికెళ్తే ఖాలా ఒక అట్టపెట్టె చేతిలో పెట్టింది. రెండు డజన్ల గాజులు, ఎర్రవి, రాళ్లు వత్తుగా అంటించినవి. వద్దన్నాను. వినలేదు. "ముఫ్త్ మే నహీ లేతీ బేటా" అంది. వంతెన మీద నాన్నకి చూపించాను. తిప్పి తిప్పి చూసి, దీని ధర ఎంతుంటుందిరా అన్నాడు. లాడ్‌బజార్లో అడిగితే మనం కట్టిన నెల ఫీజు కంటే ఎక్కువే చెప్పారు.