మాట ఆలస్యమైతే.. నిరీక్షణ తగదు

* బహుభాషా వాతావరణంలో మరుగున పడుతున్న చిన్నారుల సమస్య
* అంగన్‌వాడీలోనే గుర్తిస్తే మేలు

గుడుపల్లె: ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు కలిసే కుప్పం ప్రాంతంలో రెండు మూడు భాషల నడుమ పిల్లలు పెరగడం సాధారణం. ఇంట్లో తమిళమో, కన్నడమో, ఉర్దూనో ఉంటే బడిలో తెలుగు, ఆంగ్లం ఎదురవుతాయి. ఇలాంటి చోట రెండేళ్లు దాటినా బిడ్డకు మాటలు రాకుంటే 'భాషలు ఎక్కువై తికమక పడుతున్నాడు', 'మేనమామకూ ఆలస్యంగానే వచ్చాయి' అని సరిపెట్టుకోవడం సులభం. ఆ ఓదార్పే విలువైన కాలాన్ని హరిస్తుంది.

భాషలు కారణం కావు

ఒకటికి మించి భాషలు వినడం వల్ల వాగ్లోపం రాదన్నది నిపుణుల నిర్ధారణ. నిజంగా లోపముంటే అది బిడ్డ వినే అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. కాబట్టి ఇంటి భాషను మానిపించి తెలుగొక్కటే నేర్పడం పరిష్కారం కాదు. పరీక్ష సైతం ఇంటి భాషలోనూ జరగాలి. ఏడాదిన్నరకు ఒక్క పదమూ పలకకున్నా, రెండేళ్లకు రెండు పదాలు కలపకున్నా, వచ్చిన మాటలు పోయినా వెంటనే చూపించాలి. ముందుగా వినికిడి పరీక్ష తప్పనిసరి. నత్తి, ముద్దమాటలున్న పిల్లలను తరగతిలో ఎగతాళి చేస్తే వారు చదువులోనూ వెనుకబడతారు.

చట్టం ఉంది.. చేరువ కావాలి

2011 జనగణన ప్రకారం దేశంలో వాగ్లోపం ఉన్నవారు దాదాపు 20 లక్షలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో వాక్కు, భాషా వైకల్యం ఒకటి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పరీక్షలకు ఉద్దేశించినది. దీని బృందాలు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లాలి. సమగ్ర శిక్షా కింద ప్రత్యేక అవసరాల పిల్లలకు మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి.

చిక్కల్లా గుర్తించిన తర్వాతే. స్పీచ్ థెరపీ ఒక్క రోజుతో ముగిసేది కాదు. వారం వారం నెలల తరబడి సాగాలి. జిల్లా కేంద్రమైన చిత్తూరు ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. ప్రతి ప్రయాణానికీ కూలి కుటుంబం ఒక రోజు సంపాదన వదులుకోవాలి. ఇలా మధ్యలోనే ఆగే అవకాశమే ఎక్కువ. సదరం ధ్రువపత్రం పింఛనుకు ఉపకరిస్తుంది. మాట నేర్పేది మాత్రం శిక్షణే.

చేయాల్సిందేమిటి

నిర్ణీత రోజుల్లో అర్హత గల థెరపిస్టు భవిత కేంద్రానికే వస్తే దూరాభారం తప్పుతుంది. ఇంట్లో చేయించాల్సిన అభ్యాసాన్ని తల్లికి ఆమె భాషలోనే నేర్పాలి. తెలుగు, తమిళ, కన్నడ శాఖలున్న ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. వాక్ శ్రవణ రంగంలో 1965 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ పొరుగునే మైసూరులో ఉంది. ఈ రెండింటి సహకారంతో సరిహద్దు పిల్లలకు తగిన పరీక్షా పదావళి రూపొందించడం అసాధ్యం కాదు. అంతవరకు అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశాలు మూడేళ్లలోపు బిడ్డల మాటను సైతం బరువు, ఎత్తులతో పాటు నమోదు చేసినా ఎందరికో మేలు జరుగుతుంది.