పైన పటారం, లోన లొటారం



ఈ వారం జీతాల సంగతి, టికెట్ల సంగతి పక్కన పెట్టి ఒక పాత బండి కథ చెప్తాం. మేము ఇద్దరం ముసఫ్ఫాలో ఒక కంపెనీ ఆఫీసులో క్లర్కులమని మన పాత పాఠకులకు తెలుసు. బండ్ల ముల్కియాలు, పాసింగు కాగితాలు, పెట్రోలు బిల్లులు, గ్యారేజీ కొటేషన్లు అన్నీ మా టేబుళ్ల మీదుగానే పోతాయి. బండి కిందికి దూరి నట్లు విప్పిన చేతులు కావు మావి. అయినా ఏ నట్టు మార్చాలో, ఏది మానుకోవాలో చాలాసార్లు మా పెన్నే తేలుస్తుంది. ఈ కథలో తప్పు మా పెన్నుదే. అందుకే మేమే చెప్తున్నాం.

మా యార్డులో 1996 మోడల్ ల్యాండ్ క్రూయిజర్ ఒకటి ఉంది. దాన్ని 80 సిరీస్ అంటారు. 1990లో మొదలైన మోడల్ అది. 4.5 లీటర్ల, 6 సిలిండర్ల పెట్రోలు ఇంజను. ముందూ వెనకా బలమైన యాక్సిళ్లు, కాయిల్ స్ప్రింగులు. ఇప్పటి బండ్లతో పోలిస్తే కంప్యూటర్లు తక్కువ, ఇనుము ఎక్కువ. అందుకే ఇన్నేళ్లయినా గల్ఫ్ ఇసుకలో ఇది తిరుగుతూనే ఉంది. షార్జా సనయ్యాలోని పాత సామాన్ల దుకాణాల్లో దీని సామాను ఇప్పటికీ దొరుకుతుంది.

2023 ఎండాకాలానికి ముందు లివా వైపు సైటుకి మనుషుల్ని, సామాన్ని తీసుకుపోవడానికి ఈ బండిని బాగు చేయించమని ముదీర్ ఆర్డరు వేశాడు. ఆయన లిస్టు ఆయన ఇచ్చాడు. ముందు ఇనుప బంపరు, పైన వరస లైట్లు, పెద్ద టైర్లు, బండి ఎత్తు పెంచే స్ప్రింగులు. మొత్తం 6,600 దిర్హాములు.

మా మెకానిక్ అన్నది జగిత్యాల. పందొమ్మిదేళ్లుగా ఈ దేశంలో బండ్ల కిందే బతుకుతున్న మనిషి. ఆయన ఇంకో లిస్టు ఇచ్చాడు. 14 ఐటమ్‌లు, 4,180 దిర్హాములు. అందులో మెరిసే వస్తువు ఒక్కటీ లేదు. పైపులు, బుష్షులు, సీళ్లు, ఆయిళ్లు.

రెండూ కలిపితే 10,780. మాకిచ్చిన లిమిటు 9,000. అంటే 1,780 కోయాలి. ముదీర్ లిస్టు మీద చెయ్యి వెయ్యలేం కదా. మెకానిక్ లిస్టు మీదే పెన్ను పెట్టాం. రేడియేటర్ దించి శుభ్రం చేయడం 350, ఫ్యాన్ క్లచ్ 420, బ్రేకు హోస్ పైపులు 325, సస్పెన్షన్ బుష్షులు 400. ఇంకొకటి, ఇంజను వెనకాల హీటర్ హోస్ పైపు. పైపు 35, దాని కూలి 250. అది చూసి మేము నవ్వుకున్నాం కూడా. 35 దిర్హాముల పైపుకి 250 కూలి ఏమిటి, అన్న ఎక్కువ రాశాడు అనుకున్నాం. గీత కొట్టాం. లెక్క సరిగ్గా 9,000కి వచ్చింది.

అన్న మా దగ్గరికి వచ్చి ఒక్కటే మాట అన్నాడు. "తమ్మీ, బండికి సొమ్ములు తర్వాత పెట్టుకోవచ్చు. ముందుగాల పానం సూడాలె."

మేము "ఖల్లీ వల్లీ అన్నా, వచ్చే నెల చూద్దాం" అన్నాం.

బండి తయారైంది. ఎత్తుగా, కొత్త లైట్లతో పెళ్లికొడుకులా నిలబడింది. ముదీర్ ఫోటో కూడా తీసుకున్నాడు.

జూన్ మూడో వారం. మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదనే రూలు నడిచే రోజులు. అందుకే 11 గంటలకే సైటు నుంచి ముగ్గురు క్యాంపుకి బయలుదేరారు. డ్రైవరుది నిజామాబాద్. ఇద్దరు హెల్పర్లలో ఒకడిది సిరిసిల్ల, ఇంకొకడిది బీహార్. తారు రోడ్డు ఇంకా 14 కిలోమీటర్లు ఉందనగా ఇసుకలో బండి బరువుగా లాగడం మొదలైంది. వేడి చూపించే ముల్లు పైకి పోయింది. కాసేపటికి కిందికి వచ్చింది. హమ్మయ్య, చల్లబడిందని డ్రైవరు అనుకున్నాడు. నిజానికి అప్పటికే ఇంజనులో నీళ్లు పోయాయి. నీళ్లలో మునిగి ఉంటేనే ఆ సెన్సరు సరైన వేడి చెప్తుంది. నీళ్లే లేకపోతే ముల్లు కూడా అబద్ధం చెప్తుంది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

ఇంజను కొట్టుకుని ఆగిపోయింది. బానెట్ ఎత్తితే ఆవిరి. ఫోనుకి సిగ్నల్ లేదు. బండిలో 20 లీటర్ల క్యాను ఉంది, అదీ సగమే. సిరిసిల్ల తమ్ముడు అది రేడియేటర్‌లో పోద్దామన్నాడు. ఇంజను చల్లారేదాకా ఆగి డ్రైవరు ఒక్క లీటరు పోసి చూశాడు. పోసింది పోసినట్టే ఇంజను వెనక నుంచి ఇసుకలోకి కారిపోయింది. వెంటనే క్యాను మూత బిగించాడు. "ఇవి బండి తాగే నీళ్లు కాదురా, మనం తాగే నీళ్లు" అన్నాడట. కాసేపటికి బీహార్ తమ్ముడు రోడ్డు వైపు నడవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "ఏడికి పోతవ్ రా, దూరంకెళ్లి బండి కనవడ్తది గని మనిషి కనవడడు."

ముగ్గురూ బండి నీడలో ఐదు గంటలు కూర్చున్నారు. సాయంత్రం సైటుకి పోతున్న నీళ్ల ట్యాంకరు వాళ్లని చూసింది. సిరిసిల్ల తమ్ముడికి అప్పటికి మాట తడబడుతోంది. ఎండ దెబ్బ. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. ఆ డ్రైవరు నీళ్లు రేడియేటర్‌లో పోసి ఉంటే, లేదా నడుద్దాం పదండి అని ఉంటే, ఈ పేజీలో మేము వేరే రకం వార్త రాయాల్సి వచ్చేది.

బండిని లాక్కొచ్చారు. హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ వంగింది. బిల్లు 5,300 దిర్హాములు. అన్న మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పగిలిన పైపు ముక్క తెచ్చి మా టేబుల్ మీద పెట్టి పోయాడు. జానెడు కూడా లేదు. నొక్కితే బిస్కెట్టులా విరిగింది. మేము గీత కొట్టిన 35 దిర్హాముల పైపు అదే.

కూలి 250 ఎందుకో ఆ రోజు వెళ్లి చూశాం. ఈ ఇంజనులో ఆ పైపు బ్లాకు వెనకాల, క్యాబిన్ గోడకి దగ్గరగా, చెయ్యి సరిగా దూరని చోట ఉంటుంది. మార్చడం కష్టం కాబట్టి అందరూ వదిలేస్తారు. వదిలేస్తే ఏళ్ల తరబడి వేడికి ఎండి ఒక రోజు పగులుతుంది. 80 సిరీస్ నడిపేవాళ్లలో తెలిసినవాళ్లు ముందు దాన్నే చూస్తారట.

ఆ తర్వాత రెండు నెలలు సెలవు రోజుల్లో అన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాం. మనలో డ్రైవర్లు, హెల్పర్లు, గ్యారేజీ పనివాళ్లు ఎందరో ఉన్నారు. ఆయన చెప్పిన వరసలోనే రాస్తున్నాం.

మొదట నీళ్లు. రేడియేటర్ రెక్కల్లో ఇసుక, పురుగులు నిండితే గాలి ఆడదు. ఇంజను వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు కొట్టి కడగాలి. కుళాయి నీళ్లు పోస్తే లోపల తుప్పు, పాచి. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దు, ముఖం కాలిపోతుంది. వేడి ఇంజను ఆపాక ఫ్యాన్‌ని చేత్తో తిప్పితే కొంచెం పట్టుగా తిరగాలి. గిరగిరా తిరిగిపోతే ఫ్యాన్ క్లచ్ పోయినట్టే. ఎండ దేశం కదా అని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు కొందరికి ఉంది. ఇలాంటి చాలా ఇంజన్లలో అది తెరుచుకున్నప్పుడే పక్క దారి మూసుకుంటుంది. తీసేస్తే కొంత వేడి నీరు రేడియేటర్‌కి పోకుండానే మళ్లీ ఇంజనులోకి తిరుగుతుంది. ఆయిల్ మూత కింద పాల మీగడలా తెల్లగా కనిపిస్తే బండి కదిలించకండి. ఆయిల్‌లో నీళ్లు కలిసి ఉండవచ్చు, మెకానిక్‌ని పిలవండి.

రెండోది బ్రేకులు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. తేమ చేరిన ఆయిల్ వేడికి త్వరగా మరిగి పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. బండి ఎత్తు పెంచితే పాత బ్రేకు పైపులు సాగి లాక్కుంటాయి. మేము ఎత్తు పెంచి, పైపులు కోసేశాం. అది తలుచుకుంటే ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది.

మూడోది బుష్షులు, జాయింట్లు, స్టీరింగు. ఇవి అరిగి ఉంటే పైన ఎంత ఖరీదైన స్ప్రింగులు పెట్టినా బండి రోడ్డు మీద ఈదుతుంది.

ఈ మూడూ అయ్యాకే సొమ్ముల సంగతి. ఎత్తు 2 అంగుళాలకి మించొద్దని అన్న మాట. అంతకు మించితే స్టీరింగు తేలిపోతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు వంపు పెరుగుతుంది, దిబ్బ మీద బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది. దిబ్బని ఎప్పుడూ నేరుగా ఎక్కాలి, నేరుగా దిగాలి. అడ్డంగా పోవద్దు. పైన బరువులు వేసుకుని అస్సలు వద్దు.

టైర్ల లెక్క మాలాంటి క్లర్కులకి బాగా అర్థమైంది. మా బండికి కంపెనీ సైజు 275/70 ఆర్ 16. ముదీర్ వేయించింది 285/75 ఆర్ 16. మొదటిది సుమారు 791 మిల్లీమీటర్ల ఎత్తు, రెండోది 834. అంటే స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే బండి దాదాపు 105లో పోతోంది. రాడార్ జరిమానా పడేది డ్రైవరు మీద. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు కూడా చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత బాగున్నా, ఈ ఎండలో 5 ఏళ్లు దాటిన టైరుని నమ్మొద్దు.

ఇసుకలో దిగే ముందు నాలుగు టైర్లకీ గాలి తగ్గించాలి. రోడ్డు మీద 35 ఉంటే ఇసుకలో 15 నుంచి 18. టైరు పొడుగ్గా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. 10 కంటే దిగితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. మళ్లీ తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపాల్సిందే. తక్కువ గాలితో స్పీడుగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది. చిన్న కంప్రెసరు, గాలి కొలిచే గేజి లేకుండా సైటు బండి కదలకూడదు. వరస లైట్ల కంటే ఇవి చవక.

కూరుకుపోతే రేసు ఇవ్వకండి, ఇంకా దిగుతుంది. పారతో చక్రాల దగ్గర ఇసుక తీసి, గాలి తగ్గించి, మెల్లగా వెనక్కి రండి. ఇంకో బండితో లాగించేటప్పుడు తాడుని ట్రైలర్ తగిలించే గుండుకి కట్టొద్దు. ఆ గుండు విరిగితే ఫిరంగి గుండులా వస్తుంది, దేశదేశాల్లో మనుషులు చచ్చారు. ఛాసిస్‌కి బిగించిన గట్టి కొక్కేనికే కట్టాలి. లాగేటప్పుడు తాడు దగ్గర ఎవరూ నిలబడొద్దు.

ఇంకో మాట. ఇంజను, ఛాసిస్‌లకి మార్పులు చేయాలంటే ఇక్కడ ట్రాఫిక్ శాఖ అనుమతి ఉండాలి. లేకపోతే జరిమానా, బండి జప్తు. గ్యారేజీవాడు "ఏం కాదు భాయ్" అంటే నమ్మకండి.

మా ఆఫీసులో ఇప్పుడు మూడు మార్పులు వచ్చాయి. ఒకటి, గ్యారేజీ కొటేషన్‌లో ఏ లైను కొట్టాలన్నా మెకానిక్, డ్రైవరు ఇద్దరూ సంతకం పెట్టాలి. రెండు, సైటు బండిలో మనిషికి 5 లీటర్ల తాగే నీళ్లు, బండికి వేరే 10 లీటర్లు ఉండాలి. మూడు, బయలుదేరే టైము, దారి, చేరే టైము గేటు దగ్గర పుస్తకంలో రాయాలి. చెప్పిన టైముకి గంట దాటితే వెతకడానికి ఇంకో బండి పోవాలి. ఆ రోజు ఈ పుస్తకం ఉండి ఉంటే ఐదు గంటలు పట్టేది కాదు.

బండి నడిపే తమ్ముళ్లకి మా మనవి. లోపం కనిపిస్తే నోటితో చెప్పి ఊరుకోకండి. తేదీ వేసి కాగితం మీద రాసి ఇవ్వండి, ఫోనులో దాని ఫోటో ఉంచుకోండి. నోటి మాట మా టేబుల్ మీద పది నిమిషాలు కూడా నిలవదు. కాగితం నిలుస్తుంది, రేపు మిమ్మల్ని కాపాడుతుంది. సిగ్నల్ లేని చోట కూడా ఫోనులో జీపీఎస్ పనిచేస్తుంది. ఆ అంకెలు రాసి పెట్టుకోండి, సిగ్నల్ దొరకగానే 999కి చెప్పండి. బండిని మాత్రం వదిలి పోవద్దు.

సిరిసిల్ల తమ్ముడు పోయిన సంక్రాంతికి ఇంటికి పోయి వచ్చాడు. మా ఇద్దరికీ ఊరి నుంచి సకినాలు తెచ్చాడు. వాడికి మా పెన్ను సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ రోజు చెప్పేశాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇగ మల్ల గట్ల జెయ్యకుండ్రి సార్" అన్నాడు, అంతే.

ఆ పైపు ముక్క మా టేబుల్ మీద బిల్లుల పైన బరువుగా ఉంది. ఏ కొటేషన్ వచ్చినా ముందు దాన్ని పక్కకి జరిపాకే కాగితం తీయాలి.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం.