పనస జిగురు లాంటి వాక్స్

మార్చి ఎండకి మా మిన్నెసోటా మంచు కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డకట్టి రాళ్ళుప్పులా అవుతుంది. కొత్త మంచుకుండే పదును దానికుండదు, హార్డ్ వాక్స్ పట్టదు. క్లాసిక్ ప్రాక్టీసులో ఎత్తెక్కలేక వెనక్కి జారినప్పుడల్లా మా పదేళ్ళది తన కాళ్ళలోనే బలం లేదనుకుంటుంది, మానేస్తానంటుంది. తప్పు కాళ్ళది కాదు.

0 డిగ్రీలు దాటి మంచు తడిగా ఉంటే క్లిస్టర్ రాయాలి. అచ్చం పనస జిగురే! ట్యూబుని కాసేపు జేబులో వెచ్చబెట్టండి. స్కీ అడుగున, మడమ చోటు నుంచి ముందుకి, మధ్యగాడి వదిలి, సన్నటి చారలు పెట్టి బొటనవేలితో పల్చగా పరవండి. మందమైతే మంచు అంటుకుని స్కీ కదలదు. స్కిన్ స్కీలున్నవాళ్ళకి ఈ గొడవ లేదు, అదృష్టవంతులు.

చేతికంటింది వంటనూనెతో పోతుంది. కారు సీటుకంటిందే పోదు, పాత దుప్పటి పరవండి.