చట్టం విషయంలో సంఘం ఏకమనస్సుతో నిలవగలదా?

ఉత్తరాఖండ్‌లో ఉమ్మడి పౌరస్మృతి 2025 జనవరి 27న అమల్లోకి వచ్చింది. అలాంటి చట్టం దేశమంతటా వస్తే ఏమిటన్న ప్రశ్నకు మన సంఘాల్లో రెండు స్వరాలు వినిపిస్తున్నాయి. వివాహం విషయంలో వాక్యం చెప్పినదాన్ని ఏ ప్రభుత్వమూ తాకరాదని కొందరు. స్త్రీపురుషులను సమానంగా చూడని నియమం ఎక్కడున్నా మారాల్సిందేనని మరికొందరు. మౌలికవాదులని, ఉదారవాదులని ఒకరికొకరు పేర్లు పెట్టుకోవడమే గాని, ఒకరి మాట ఒకరు వినడం తక్కువ.

ఈ సమయంలో మన సొంత విడాకుల చట్టం కథను గుర్తు చేయదలచాం. 1869 నాటి ఆ చట్టం కింద క్రైస్తవ భర్త తన భార్య వ్యభిచారాన్ని రుజువు చేస్తే చాలు, విడాకులు దొరికేవి. భార్య మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వాన్నో, రెండేళ్లు విడిచిపెట్టడాన్నో కూడా రుజువు చేయాలి. ఎన్ని దెబ్బలు తిన్నా, దెబ్బలు మాత్రమే ఆమెకు విడాకులు తెచ్చేవి కావు. 1995లో కేరళ హైకోర్టు ఈ వివక్షను తప్పుపట్టింది. 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఇద్దరికీ ఒకే కారణాలు వర్తింపజేసింది, పరస్పర అంగీకారంతో విడిపోయే వీలూ కల్పించింది.

అంటే 132 ఏళ్లు! మైనారిటీల వ్యక్తిగత చట్టాల్లో మార్పు వారి నుండే రావాలన్నది ప్రభుత్వాలు చెబుతూ వచ్చిన మాట. మనం ఏకాభిప్రాయానికి రావడం ఆలస్యమైన కొద్దీ ఎందరో సహోదరీలు కన్నీళ్లతో కాలం గడిపారు. ఈ తప్పులో మనకూ పాలుంది.

మరి ఆ సవరణతో వాక్యం ఓడిపోయిందా? లేదు. విడాకులను అంగీకరించని క్యాథలిక్ సంఘం నేటికీ తన బోధలో నిలిచే ఉంది. 1869 చట్టం సైతం, వ్యభిచార కారణంగా విడాకులైన వ్యక్తికి మళ్లీ పెళ్లి చేయమని చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పాదిరిని బలవంతపెట్టరాదని చెప్పింది. బాధితులకు న్యాయస్థానం తలుపు తెరవాలి, కాపరి మనస్సాక్షిని మాత్రం బలవంతపెట్టకూడదు. ఇరుపక్షాలూ కలిసి నిలవగల చోటు ఇదేనని మేము నమ్ముతున్నాం.

మత్తయి 19వ అధ్యాయంలో ప్రభువు వివాహం గురించి దేవుని ఆది సంకల్పాన్ని చూపాడు. మోషే ఇచ్చిన అనుమతి మనుష్యుల హృదయ కాఠిన్యాన్ని బట్టేనని కూడా చెప్పాడు. సంకల్పాన్ని ప్రకటించడం సంఘం పని. కఠిన హృదయుల చేతుల్లో నలిగేవారిని కాపాడటం చట్టం పని. మౌలికవాద సహోదరులు గ్రహించవలసింది, కోర్టు తలుపు మూసినంత మాత్రాన కాపురం నిలబడదని. ఉదారవాద మిత్రులు గ్రహించవలసింది, డిక్రీ చేతికొచ్చినంత మాత్రాన గాయం మానదని. ఆ ఇంటికి అప్పుడే సంఘం ఎక్కువ అవసరం.

కొత్త చట్టాలపై ప్రభుత్వం అభిప్రాయాలు అడిగినప్పుడు, మన సంఘ కమిటీలు ముందుగా స్త్రీల సమాజాన్ని పిలిచి వినాలి. ఆ తర్వాతే కాగితం మీద కలం పెట్టాలి. ఏకమనస్సు అంటే అందరూ ఒకే మాట పలకడం కాదు, నలిగినవారి మాట అందరూ కలిసి వినడం.