సీసా మనది... చోటు ఎవరిది?

మెదక్ పట్నంలో ఓ మాస్టారు దంపతులకు ఇరవై అయిదో పెళ్లిరోజు వచ్చిందనుకోండి. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసే కూతురు కిందటిసారి వచ్చినప్పుడు ఓ వైన్ సీసా తెచ్చి బీరువాలో పెట్టి పోయింది. విదేశాల నుంచి వచ్చే పెద్దవాళ్లు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కాబట్టి దానితో పేచీ లేదు. పేచీ అంతా ఫోన్‌తోనే.

''నాన్నా, అమ్మను మంచి హోటల్‌కు తీస్కపో. ఆ సీసా గూడ పట్టుకపోండ్రి. ఈడ అందరం గట్లనే చేస్తం.''

అక్కడ నిజంగానే అట్లా చేస్తారు. ఆస్ట్రేలియాలో చాలా హోటళ్లకు ఎవరి సీసా వాళ్లు తీసుకెళ్లవచ్చు. హోటలాయన గ్లాసులిచ్చి, బిరడా తీసినందుకు కొంత రుసుము వేసుకుంటాడు. సీసాలకు వేరే ధర కట్టక్కర్లేదు కాబట్టి మధ్యతరగతి వాళ్లకు అది కలిసొచ్చే పద్ధతి.

మెదక్‌లో ఆ సీసాను సంచిలో పెట్టుకుని మాస్టారు ఎక్కడికి పోవాలి? 2016లో జిల్లా కేంద్రమయ్యాక ఊళ్లో కలెక్టరేటు వచ్చింది, కొత్త ఆఫీసులు వచ్చాయి. కానీ ఎక్సైజు చట్టం ఊరు పెరిగినంత మాత్రాన మారదు. ఫ్యామిలీ రెస్టారెంటుకు బార్ లైసెన్సు లేకపోతే అక్కడ సీసా మూత తీయనివ్వకూడదు. తీయనిస్తే కేసు యజమాని మెడకు చుట్టుకుంటుంది. లైసెన్సున్న బారువాడేమో తన సరుకు అమ్ముకోవడానికి కూర్చున్నాడు, బయటి సీసాను ఎందుకు రానిస్తాడు? ఫంక్షన్ హాలైతే ఫీజు కట్టి ఒక్కరోజు పర్మిట్ తెచ్చుకోవచ్చు. ఇద్దరు మనుషుల భోజనానికి ఫంక్షన్ హాలా!

ఇక మిగిలింది వైన్‌షాపు పక్కనుండే పర్మిట్ రూము. ప్లాస్టిక్ గ్లాసులు, గుడాలు, ఉడికించిన గుడ్లు, కాళ్ల కింద నీళ్లు. మాస్టారు ఒక్కడైనా శిష్యులు కనిపిస్తారేమోనని అటు చూడడు. భార్యను తీసుకుని వెళ్లడమన్నది ఊహకే అందదు.

ఈ వెతుకులాటలో ఆమెను ఎవరూ అడగలేదు. అడిగితే ఆమె ముందు నవ్వుతుంది. తర్వాత అంటుంది: ''ఇరవై అయిదేండ్ల సంది మీరు దావత్‌లకు పోయిండ్రు. నేను కూరొండి టిఫిన్ కట్టిన. ఇయ్యాల నన్ను గూడ కూసోబెడుతరా?''

అసలు ప్రశ్న ఇదే. దావత్ అంటే మెతుకుసీమలో ఎప్పటి నుంచో ఎవరి సామాను వాళ్లు తెచ్చుకునే విందే. మామిడితోటలోనో, బావికాడనో చెట్టు నీడన మూడు రాళ్ల పొయ్యి పెట్టి, ఒకరు కోడి, ఒకరు మసాలా, ఒకరు గిన్నెలు తెస్తారు. దీనికి ఆస్ట్రేలియా దాకా పోయి నేర్చుకోవాల్సింది లేదు. కాకపోతే వెళ్లేది మగవాళ్లు, మిగిలిన కూర ఇంటికొస్తే అదే పండగ.

పాతరోజుల్లో ఇంత ఘోరం లేదు. పల్లెల్లో నాట్లేసి వచ్చిన ఆడవాళ్లు మగవాళ్లతో పాటే కల్లు తాగేవారు. బోనాల్లో పోచమ్మకు ఇప్పటికీ సాక పోసేది కల్లే. ఈమె అమ్మమ్మ తాటాకు రేక పట్టుకుని తాగే ఉంటుంది. చదువులు, ఉద్యోగాలు, పట్నం కాపురాలు వచ్చాక మగవాడి గ్లాసు అట్లాగే ఉండిపోయి, ఆడవాళ్ల చేతిలోంచి రేక జారిపోయింది. పోయిన చోట మర్యాద అని పేరు పెట్టారు.

అందుకని ఆ దంపతులకు అన్నిటికంటే మంచి 'హోటలు' ఏ చుట్టాల పొలంలోనో, లైసెన్సున్న గౌడు ఎక్కే తాటిచెట్ల దగ్గరో దొరుకుతుంది. మన పెళ్లిళ్లు ఎక్కువగా మాఘం నుంచి వైశాఖం దాకా జరుగుతాయి కాబట్టి పెళ్లిరోజులూ తాటికల్లు కాలంలోనే పడతాయి. చలికాలమైతే ఈత చెట్లున్నాయి. వెళ్లేది మాత్రం పొద్దున్నే. లొట్టిలో పడ్డ క్షణం నుంచే కల్లు పులవడం మొదలుపెడుతుంది. తెల్లవారుజామున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కి పుల్లబడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులుపు ఆగి నీరా అవుతుంది. తాగని వాళ్లకు అదే చాలు.

చెట్టు దిగిన లొట్టి కళ్లముందే వంచితేనే తాగాలి. దుకాణాల్లో దొరికేదాన్ని అట్లా నమ్మలేం. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు తాగి మంచాన పడ్డ ఇళ్లు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ వచ్చి ఆస్పత్రిపాలైన వాళ్లూ ఉన్నారు. రెండు రూపాయలు మిగిలాయని అటు పోతే పెళ్లిరోజు కాస్తా పెద్దాసుపత్రిలో గడుస్తుంది.

కూర ఎవరు వండాలి? ఈసారి ఆయనే. నాటుకోడి, జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. రొట్టె రాకపోతే బగారన్నం. ఆమె చాప మీద కూర్చుని ఉప్పు చాలలేదని చెబితే చాలు.

కూతురిచ్చిన సీసా సంగతంటారా? దాన్ని ఇంట్లోనే, రాత్రి తలుపులేసుకుని తీయొచ్చు. అత్తగారు అడిగితే ద్రాక్షరసమని చెప్పొచ్చు, అబద్ధం కూడా కాదు. పొలం నుంచి తిరిగొచ్చేటప్పుడు బండి ఎవరు నడపాలో మాత్రం పొద్దున్నే తేల్చుకోవాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. ఆమెకు స్కూటీ వస్తే సరే, రాకపోతే ఆటో మాట్లాడుకుని పోవడమే.