ఇరవై రూపాయల కోన్, పత్తా లేని కంపెనీ: చేతికి బొబ్బలొస్తే జవాబు ఎవరు చెప్పాలి?

పోయిన ఈద్‌కి చాంద్ రాత్ నాడు మా ఖాలా కూతురు, తొమ్మిదేళ్ల పాప, వీధి చివర దుకాణంలో కొన్న 'ఎమర్జెన్సీ' కోన్ పెట్టించుకుంది. పది నిమిషాల్లో నల్లగా పండింది. ఇంట్లో అందరం మురిసిపోయాం. మూడో రోజుకి పువ్వు ఎక్కడ వేశారో సరిగ్గా ఆ గీత మీదే బొబ్బలు లేచాయి. చర్మ వ్యాధుల డాక్టర్ మొదట అడిగింది ఒకటే: "కోన్ కవర్ ఉందా?" చెత్తబుట్టలోంచి తీసి చూశాం. ఒక పెళ్లికూతురి బొమ్మ, ఒక పేరు, '100% హెర్బల్' అనే మాట. తయారు చేసిందెవరు, ఏ ఊళ్లో, ఏ తేదీన, అందులో ఏముంది? ఏదీ లేదు.

దుకాణానికి వెళ్లి బిల్లు అడిగాను. "ఇరవై రూపాయల కోన్‌కి బిల్లేంటి భాయ్! హోల్‌సేల్ వాడిచ్చాడు, నేను అమ్మాను" అన్నాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు. కానీ బీకాం చదివినోణ్ణి కదా, ఆ మాట నన్ను వదల్లేదు. సరుకు చేతులు మారిన ప్రతిచోటా లాభం మిగిలింది. మరి బాధ్యత ఏ చేతిలో మిగిలింది?

టాటూ మనకెందుకు అనుకోవద్దు

ఒంటి మీద వేసే రంగుల భద్రత గురించి ప్రపంచంలో ఇప్పుడు ఎక్కువ చర్చ టాటూ ఇంకుల మీదే నడుస్తోంది. మన ఇళ్లలో టాటూ వేయించుకోం కాబట్టి ఆ వార్తలు చదవకుండా దాటేస్తాం. కానీ అక్కడ బయటపడిన సంగతులు మన కోన్‌కీ వర్తిస్తాయి.

2011 చివర్లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఒకే టాటూ ఆర్టిస్ట్ దగ్గర వేయించుకున్న 19 మందికి చర్మం మీద దద్దుర్లు లేచి తగ్గలేదు. ఆయన కొత్త సూదులు వాడలేదనో, చేతులు కడుక్కోలేదనో అనుకోవడం సహజం. దర్యాప్తులో దొరికింది వేరు. కంపెనీ ముందే కలిపి అమ్మిన బూడిద రంగు ఇంకులోనే మైకోబ్యాక్టీరియం జాతి క్రిమి ఉంది. కంపెనీ ఆ ఇంకును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. వేసినవాడు ఎంత శుభ్రంగా ఉన్నా సీసాలోనే తప్పుంటే ఏం చేయగలడు?

2024లో అమెరికా ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు అక్కడి మార్కెట్లోని 75 ఇంకులు పరీక్షిస్తే 26 ఇంకుల్లో బ్యాక్టీరియా బయటపడింది. వాటిలో 'స్టెరైల్' అని రాసి ఉన్నవీ ఉన్నాయి. అంటే లేబుల్ మీద మాట రాయడం వేరు, ఆ మాటకి కట్టుబడి సరుకు తయారు చేయడం వేరు. అదే ఏడాది అక్టోబర్‌లో ఎఫ్‌డీఏ ఇంకు తయారీదారులకు, పంపిణీదారులకు శుభ్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. యూరోపియన్ యూనియన్ అయితే 2022 జనవరి 4 నుంచి టాటూ ఇంకుల్లో వాడే వేల రసాయనాల మీద ఆంక్షలు పెట్టింది. మన పక్కన కర్ణాటక ప్రభుత్వం 2025లో టాటూ ఇంకుల్లో 22 రకాల లోహాలు కనిపించాయని చెప్పి, ప్రమాణాలు పెట్టమని కేంద్రాన్ని కోరింది.

వీటన్నిటిలో కనిపించేది ఒకటే. సూది పట్టినవాడితోనో, కొన్నవాడితోనో ఆగకుండా, ప్రశ్న ఇంకు పుట్టిన చోటుకి వెళ్లాలి.

ఆకు అంత తొందరగా పండదు

ఇప్పుడు మన కోన్ దగ్గరికి వద్దాం. గోరింటాకులో రంగునిచ్చేది లాసోన్ అనే పదార్థం. అది చర్మం పైపొరలోని కెరాటిన్‌ని పట్టుకోవడానికి గంటలు పడుతుంది. ముందు నారింజ రంగు, మర్నాడో ఆ మర్నాడో ముదురు ఎరుపు, గోధుమ. నానమ్మలు రోట్లో రుబ్బి, రాత్రంతా గుడ్డ కట్టి పడుకోబెట్టింది అందుకే. పది నిమిషాల్లో కాటుకలా నల్లబడిందంటే ఆ పని ఆకుది కాదు.

మరి దేనిది? చాలాచోట్ల 'బ్లాక్ హెన్నా'లో దొరికింది పీపీడీ, అంటే పారా ఫినిలిన్ డయమిన్. ఇది తలకు వేసే రంగుల్లో వాడేది. తలరంగులో కూడా పరిమితి మేరకే వాడాలి, ముందు చర్మం మీద కొంచెం రాసి పరీక్షించుకోమనే హెచ్చరిక ప్యాకెట్ మీద ఉండాలి. చర్మం మీద నేరుగా పూయడానికి దాన్ని ఏ పెద్ద దేశమూ ఒప్పుకోలేదు. కొన్నేళ్ల కిందట తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అధికారులు హైదరాబాద్‌లో పట్టుకున్న మెహందీ కోన్లలో పిక్రమిక్ యాసిడ్ అనే మరో కృత్రిమ రంగు బయటపడింది.

పీపీడీతో ఒక చిక్కుంది. మొదటిసారి ఏమీ కాకపోవచ్చు. కానీ ఒంటికి ఒకసారి పడకపోవడం మొదలైతే, ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. మా పాపకి నిరుడు కూడా అదే రకం పెట్టారు, ఏమీ కాలేదు. అందుకే ఈసారి ఎవరూ అనుమానించలేదు. పెద్దయ్యాక తలకు రంగు వేసుకున్నా, కొన్ని రంగు బట్టలు కట్టినా మళ్లీ దద్దుర్లు రావచ్చని డాక్టర్ చెప్పారు. ఇరవై రూపాయల సరుకుకి ఆ పిల్ల కట్టే ధర అది.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. ఆకు అయినంత మాత్రాన అందరికీ మంచిదని కాదు. జీ6పీడీ లోపం ఉన్న పసిపిల్లలకు అసలైన గోరింటాకు కూడా రక్తకణాలు విరిగేలా చేయొచ్చు. చంటిపిల్లల అరచేతులకి, పాదాలకి పెట్టే ముందు డాక్టర్‌ని ఒకమాట అడగండి.

చట్టం ఏమంటోంది

ఒంటికి పూసే, అందం కోసం వాడే వస్తువు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం కాస్మెటిక్. అమ్మడానికి తయారు చేయాలంటే రాష్ట్ర అధికారుల లైసెన్స్ కావాలి. కవర్ మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబర్, లైసెన్స్ నంబర్, గడువు తేదీ, కలిపిన పదార్థాలు ఉండాలి. కల్తీ, నకిలీ కాస్మెటిక్‌కి మూడేళ్ల దాకా జైలు, కనీసం 50 వేల రూపాయల జరిమానా ఉన్నాయి.

మధ్యలో అమ్మేవాడి సంగతి? 'నాకు తెలీదు' అంటే సరిపోదు. లైసెన్స్ ఉన్నవారి దగ్గరే కొన్నానని, తగిన జాగ్రత్త తీసుకున్నా తప్పు తెలుసుకునే వీల్లేకపోయిందని నిరూపిస్తేనే ఆ చట్టం అతన్ని వదిలేస్తుంది. దాన్ని నిరూపించేది బిల్లే. ఇక 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకెళ్లింది. తయారీదారు ఎవరో తెలియకపోతే నష్టానికి అమ్మినవాడే జవాబుదారీ కావచ్చు. డబ్బు తీసుకుని చేతికి పెట్టే ఆర్టిస్ట్ కూడా సేవ అందించేవారి కింద ఆ చట్టం పరిధిలోకి రావచ్చు. అంటే బిల్లు లేని సరుకు అమ్మిన దుకాణదారు, పత్తా లేని కంపెనీ తప్పుని తన నెత్తిన వేసుకున్నట్టే. ఈ లెక్క మన వ్యాపారులకి ఎవరూ చెప్పలేదు.

మన ఆడవాళ్ల కోన్ల మాటేమిటి

ఇక్కడే అసలు చిక్కు. మన బస్తీల్లో ఎంతోమంది ఆపాలు, వదినలు ఇంట్లో కోన్లు చేసి అమ్ముతారు. రంజాన్ నెల సంపాదనతో పిల్లల స్కూల్ ఫీజు కట్టేవాళ్లూ ఉన్నారు. లైసెన్స్ అడగడం మొదలుపెడితే ముందు దెబ్బ తినేది వీళ్లే. డబ్బాలకొద్దీ రంగు నింపి పంపేవాడి చిరునామా ఎలాగూ ఎవరి దగ్గరా లేదు. దొరికేవాళ్ల మీద కేసులు, దొరకనివాడికి లాభాలు. అలా జరిగితే అన్యాయమే.

అలాగని 'ఇంటి సరుకు' అంటే చాలు అనలేం. రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? అచ్చమైన ఆకు ముద్ద బయట కొద్ది రోజుల్లోనే శక్తి కోల్పోతుంది, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి దాచాలి. ఏడాది పాటు ఎండలో దుకాణం తీగకు వేలాడినా నల్లగా పండే కోన్ ఆకు కోన్ అయ్యే అవకాశం చాలా తక్కువ. ఇంట్లో చేసే ఆపాలు నిజానికి మంచి సరుకే చేస్తున్నారు. లేనిదల్లా దానికి రుజువు. ఆకు పొడి ఎక్కడ కొన్నారు, ఏ నూనె కలిపారు, ఏ రోజు చేశారు అని ఒక చిన్న చీటీ అంటించడానికి ఖర్చేమీ కాదు. పదిమంది కలిసి ఒక సంఘంగా ఏర్పడి ఒకే చోట తయారు చేస్తే లైసెన్స్ ఖర్చు పంచుకోవచ్చు. ఈ పనిలో మన మహల్లా కమిటీలు, మహిళా సంఘాలు తోడు నిలబడాలి. డ్రగ్స్ కంట్రోల్ శాఖ కూడా దాడుల ముందు అవగాహన మొదలుపెడితే మంచిది.

ఇక కొనేవాళ్లం మనం. చిరునామా లేని కోన్ కొనొద్దు. 'ఎమర్జెన్సీ', 'ఇన్‌స్టంట్ బ్లాక్' అన్న మాట కనిపిస్తే పిల్లలకి అసలే వద్దు. కవర్, బిల్లు పండగ అయ్యేదాకా దాచండి. మంట, దురద మొదలైతే వెంటనే కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, చేతి ఫోటో తీసి పెట్టుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 5 లక్షల లోపు విలువ ఉన్న ఫిర్యాదుకి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. అనుమానం ఉన్న కోన్‌ని కొన్నవారే ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్ష చేయించుకునే హక్కు కూడా చట్టంలో ఉంది.

మా పాప చేతి మీద బొబ్బలు తగ్గాయి. పువ్వు ఆకారంలో తెల్లటి మచ్చ మాత్రం ఉండిపోయింది. వచ్చే ఈద్‌కి అమ్మీ మేడ మీద కుండీలో గోరింట మొక్క నాటింది. దుకాణదారు భాయ్ కూడా ఈసారి హోల్‌సేల్ వాణ్ని బిల్లు అడిగాడట. వాడు ఇవ్వలేదు. ఆ కోన్లు ఇక తెప్పించనని భాయ్ చెప్పాడు.